బామ్మర్ది చేసిన రిపేరు

నంద్యాలలో గాంధీ చౌక్ వెనక సందులో నాకొక చిన్న షాపు ఉంది. చెడిపోయిన హార్డ్ డిస్కుల్లోంచి, పెన్ డ్రైవుల్లోంచి డేటా తీసిస్తాను. పదిహేనేళ్లకు పైగా ఇదే పని. ఇన్నేళ్లలో నాకు యంత్రాల మీద ఎప్పుడూ కోపం రాలేదు. యంత్రమన్నాక చెడిపోతుంది. దాన్ని నా దగ్గరికి తెచ్చేలోపు మనుషులు చేసే పనులు చూస్తేనే ఒళ్లు మండుతుంది. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టాలని ఎవరో చెప్పింటారు, హార్డ్ డిస్కును కూడా బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చినవాళ్లున్నారు. ఫ్రిజ్‌లో ఐస్ గడ్డల పక్కన రెండు రోజులు పెట్టి తెచ్చినాడొకాయన. ఇంకొక మహానుభావుడు మూత ఊడదీసి, లోపల అద్దంలా మెరిసే పళ్లేన్ని లుంగీతో తుడిచి, "క్లీన్ చేసినానన్నా, ఇంక నువ్వు చూడు" అన్నాడు. వీళ్లందరినీ తలదన్నే మనిషి ఆళ్లగడ్డ నుంచి వచ్చినాడు.

ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు హైస్కూలు ఉంది. దాని కరస్పాండెంటు చలికాలం మొదట్లో ఒకరోజు పొద్దున కారు దిగి నా షాపులోకి వచ్చినాడు. తెల్లబట్టలు, వేళ్లకు రాళ్ల ఉంగరాలు. చేతిలో స్వీటు షాపు కవరు. కవరులో హార్డ్ డిస్కు. దానికి ఒక గుడ్డముక్క కూడా చుట్టలేదు. ఆయన వెనకాల ముప్పై ఏళ్ల మనిషి ఒకడు, చేతిలో రెండు ఫోన్లు, నీడలో కూడా తీయని నల్ల కళ్లజోడు. కరస్పాండెంటు భార్యకు తమ్ముడంట.

"ఏమప్పా, డిస్కులు బాగుచేసేది నువ్వేనా?" అన్నాడు కరస్పాండెంటు.

"డిస్కు బాగుచేయను సార్. లోపలుండేది తీసిస్తా."

"ఏదో ఒగటి. బేగ కావల్ల."

సంగతి ఏమంటే, స్కూలు వివరాలన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టుమచ్చలతో సహా బోర్డుకు పంపే గడువు దగ్గరపడింది. ఇప్పుడు డిస్కులో ఏమీ కనపడడం లేదు, పైగా టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది.

"మా ఆఫీసులో పనిచేసే ఆయమ్మ చెరిపేసి పోయింది" అన్నాడు ఆయన. "వాళ్లమ్మకు కంటి ఆపరేషనని సెలవు అడిగింది. ఈ టైములో ఇయ్యనన్నా. ఇయ్యకపోయినా పోయింది. పోతాపోతా కసికొద్దీ అంతా చెరిపింది. తొమ్మిదేండ్లు అన్నం పెట్టినా చూడు, దానికి ఇది ఫలం."

"పనిలోంచి తీసేసినారా?"

"తీసేయక నెత్తిన పెట్టుకోమంటావా? పోలీసు కేసు కూడా పెడతామని చెప్పి పంపినాం."

అప్పుడు బామ్మర్ది కళ్లజోడు నుదుటి మీదికి తోసి ముందుకొచ్చినాడు. "అన్నా, సగం రికవరీ నేనే చేసేసినా. నువ్వు మిగతాది చూస్తే చాలు."

"దేంతో చేసినావు?"

"నెట్‌లో దొరికిన సాఫ్ట్‌వేర్."

"దాన్ని యాడ ఇన్‌స్టాల్ చేసినావు?"

"యాడేందన్నా, ఆ సిస్టంలోనే."

"దొరికిన ఫైళ్లు యాడ పెట్టినావు?"

"అదే డిస్కులో. సపరేట్‌గా ఒక ఫోల్డర్ చేసి నీట్‌గా పెట్టినా."

నీట్‌గా అన్న మాట దగ్గర వాడి ముఖం వెలిగిపోయింది. ఏమైనా అంటే అర్థమయ్యే మనిషైతే అనేవాణ్ణి. ఫైలు చెరిపినంత మాత్రాన అది డిస్కులోంచి పోదు. కంప్యూటరు దాని పేరును మాత్రం పట్టికలోంచి కొట్టేసి, ఆ జాగా ఖాళీగా ఉందనుకుంటుంది. కొత్తది ఏదన్నా వచ్చి ఆ జాగాలో కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. వీడు వెతికే సాఫ్ట్‌వేర్‌ను అక్కడే కూర్చోబెట్టినాడు, దొరికినవాటిని కూడా అక్కడే కూర్చోబెట్టినాడు. ఒక్కొక్క ఫైలు బయటికి తీస్తూ ఇంకో రెండింటిని శాశ్వతంగా తుడిచేసినాడు. ఆపైన డిస్కును ఊడదీసి, బైకు డిక్కీలో పెట్టుకుని ఆళ్లగడ్డంతా తిప్పినాడంట. టక్ టక్ మొదలైంది ఆ తర్వాతే.

వాణ్ణి తిట్టుకుంటున్నానుగాని, ఈ తప్పు నేనూ చేసినవాడినే. షాపు పెట్టిన కొత్తలో మహానంది దారిలో ఉండే ఒక ఫోటోగ్రాఫరు తన డిస్కు తెచ్చిచ్చినాడు. అందులో రెండు పెళ్లిళ్ల ఫోటోలు. నేనూ వీడి మాదిరే నేరుగా దాని మీదే వెతుకుడు మొదలుపెట్టినాను. డిస్కు సగంలో గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. "నువ్వు తెచ్చేటప్పటికే పోయిందప్పా" అని ఆ మనిషి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పినాను. ఆయన నమ్మినాడు. పెళ్లివాళ్ల చేతుల్లో తన్నులు కూడా తిన్నాడని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి నకలు తీయకుండా ఏ డిస్కునూ ముట్టుకోలేదు.

ఆ నకలునే మా పనిలో ఇమేజ్ అంటాం. ఇమేజ్ అంటే జనం ఫోటో అనుకుంటారు. కాదు. డిస్కులో మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా, ఫైళ్లున్న చోటూ ఖాళీ అనుకున్న చోటూ తేడా లేకుండా, ఉన్నదున్నట్టు ఇంకో మంచి డిస్కులోకి ఎత్తుకోవడం. దానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. చూడ్డానికి నల్లటి తెర మీద నాలుగు వరుసల అంకెలు, అంతే. బొమ్మల్లేవు, రంగుల్లేవు. బామ్మర్ది చూసి, "ఏందన్నా, ఇంత పాత సాఫ్ట్‌వేరా?" అన్నాడు. ఆ పాతదానికి వాడికి లేని బుద్ధి ఉంది. మొదట మంచిగా ఉన్న జాగాలన్నీ చదువుకుంటుంది. దెబ్బతిన్న చోట మొండిగా కూర్చోదు, దాటి ముందుకు పోతుంది. ఎక్కడ దాటిందో ఒక చిన్న చిట్టాలో రాసుకుంటుంది. మంచిదంతా చేతికొచ్చినాక వెనక్కి వచ్చి, దెబ్బతిన్న చోట కొంచెం కొంచెంగా, ఇటువైపు నుంచి రాకపోతే అటువైపు నుంచి ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసుకుని ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. చావబోయే డిస్కుకు ఎన్ని ఊపిర్లు మిగిలినాయో ఎవరికీ తెలియదు. వాటిని దండగ చేయకుండా వాడుకోవడమే దాని పని.

నకలుకు మూడు రోజులు పట్టింది. డిస్కు వేడెక్కినప్పుడల్లా ఆపి చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టినాను. ఆ మూడు రోజులూ బామ్మర్ది గంట గంటకూ ఫోను. "ఎంత పర్సెంట్ అయిందన్నా? నేనైతే ఫుల్ స్పీడ్‌లో పెట్టేవాణ్ణి." రెండో రోజు నుంచి ఫోను ఎత్తడం మానేసినాను.

నాలుగో రోజు ఒరిజినల్ డిస్కును పక్కన పెట్టి, నకలులో వెతకడం మొదలుపెట్టినాను. కొంతసేపటికి నాకు ఒక సంగతి తెలిసింది. ఆ డిస్కులో ఎవరూ ఏ ఫైలూ చెరపలేదు. కంప్యూటరు మొత్తాన్ని ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసినారు. వేసింది ఒక సోమవారం పొద్దున పదకొండింటికి. అంతకుముందు శనివారం సాయంత్రం దాకా పాత ఫైళ్లన్నీ తీరుగా ఉన్నాయి. ఆయమ్మ ఆరోజు చివరగా తొమ్మిదో తరగతి హాజరు పట్టిక సేవ్ చేసింది. కొత్త విండోస్‌లో యూజరు పేరు బామ్మర్దిది. పేరు పక్కన ‘కింగ్’ అని కూడా పెట్టుకున్నాడు. కింగ్ గారు విండోస్ వేసిన గంటకే తన ఫోనులోని సరుకంతా అందులోకి దింపినాడు. మహానందిలో కోనేటి పక్కన సెల్ఫీలు, పుట్టినరోజుకు ముఖం నిండా కేకు పూసుకున్న ఫోటోలు, ఏడెనిమిది సినిమాలు. పాత టీసీ రిజిస్టరులో నాలుగేళ్ల భాగం ఎక్కడా దొరకలేదు. ఆ జాగాలో కచ్చితంగా కేకు ఫోటోలున్నాయి. స్కూలు విడిచిపోయిన పిల్లల వివరాల మీద వీడి కేకు ముఖం.

అదృష్టంకొద్దీ పదో తరగతి లిస్టులు బయటపడినాయి. చాలావాటికి ఫైలు పేర్లు పోయి వట్టి నంబర్లు మిగిలినాయి. అంతా ఒక కొత్త డిస్కులో పెట్టి కబురు చేసినాను.

కరస్పాండెంటు వచ్చినాడు. డిస్కు చేతిలో పెడుతూ అడిగినాను. "సార్, ఈ సిస్టంలో కొత్తగా విండోస్ వేసిందెవరు?"

"మావాడే. సిస్టం స్లోగా ఉందని ఆయమ్మ లేనప్పుడు రొంత క్లీన్ చేసినాడు. అది వేరే సంగతిలే."

అంత తేలిగ్గా అనేసినాడు. ఆయనకు అంతా తెలుసు. తెలిసే ఒక ఆడమనిషిని పోలీసుల పేరు చెప్పి బెదిరించి పంపినాడు. నేనేం చేసినాను? ఆయనకు ఇంకో రెండు స్కూళ్లున్నాయి. వాటి కంప్యూటర్ల పని నాకే ఇస్తానని కుర్చీలోంచి లేస్తూ అన్నాడు. "సరే సార్" అన్నాను. ఆ రెండు మాటలు అన్నందుకు నా మీద నాకున్న అసహ్యం ఈరోజుకీ పోలేదు. బామ్మర్ది తెలివిలేని వెధవ. కరస్పాండెంటు నీతిలేని మనిషి. వాళ్లిద్దరి మధ్య నేను ఏమిటో అప్పుడు ఆలోచించదలచుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఒక నడివయసు ఆమె షాపుకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. పక్కన కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న ముసలామె. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, "అన్నా, ఆళ్లగడ్డ స్కూలు డిస్కు మీ దగ్గరికే వచ్చిందంట గదా?" అని అడిగింది.

ఎవరో అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే నన్నూ నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆయమ్మ అడిగింది వేరే.

"పదో తరగతి లిస్టు వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"ఎన్ని వచ్చినాయి? రెండుండాల. పాతదాంట్లో తప్పులుండాయి. నేను ఇండ్లకు పోయి బర్త్ సర్టిఫికెట్లు చూసి దిద్దినా. దిద్దినదే బోర్డుకు పోవాల. వాళ్లకు ఏది పాతదో ఏది కొత్తదో తెల్దు."

పనిలోంచి తీసేసి, దొంగ అన్నంత పని చేస్తే, ఈమె బస్సు దిగి వచ్చి అడుగుతున్నది ఇది. నా దగ్గర నకలు ఇంకా ఉంది. తెరిచి చూపించినాను. రెండు లిస్టులూ ఉన్నాయి. ఆయమ్మ తెర మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. "ఈ పాపకు నాయన లేడు, వాళ్ల మామ పేరు రాసుండారు. ఈ పిల్లోడిది పుట్టిన సంవత్సరమే తప్పు. ఇట్లనే పోయింటే మెమోలో పడేది. మల్ల బతుకంతా ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే." ఏది కొత్తదో గుర్తుపట్టి నంబరు చెప్పింది. స్కూలు హెడ్‌మాస్టరు మేడం నంబరు కూడా ఆయమ్మే ఇచ్చింది. తన పేరు చెప్పొద్దంది. నేను ఫోను చేసి ఏ ఫైలు పంపాలో చెప్పినాను. పాతదే పంపబోతున్నారంట, ఇంకో గంట ఆగుంటే పోయేదంట.

పని అయిపోయింది. ఆయమ్మ తల్లి చెయ్యి పట్టుకుని లేపుతోంది.

"నువ్వు ఏం చెరపలేదమ్మా. నేను చూసినా" అన్నాను.

ఆయమ్మ ఆగి నావైపు తిరిగింది. "నేను చెరపలేదని నాకు తెల్సుగదన్నా. నాకు నువ్వు చెప్పేదేంది? వాళ్లకు చెప్పినావా?"

"లేదమ్మా."

"ఎందుకు చెప్పలే?"

ముసలామె కట్టు లేని కంటితో నన్నే చూస్తోంది.

"ఇప్పుడన్నా చెప్తావా?" అంది ఆయమ్మ. గొంతులో బతిమాలడం లేదు. బస్సు టైము అడిగినట్టు అడిగింది. "రేపు పొద్దున స్కూలుకు వస్తా" అన్నాను.

మరుసటి రోజు షాపు మూసి ఆళ్లగడ్డ బస్సెక్కినాను. విండోస్ ఎప్పుడు వేసినారు, ఎవరి పేరు మీద వేసినారు, అంతకుముందు ఫైళ్లు ఎప్పటిదాకా ఉన్నాయి, అన్నీ రెండు కాగితాల మీద ప్రింటు తీసుకున్నాను. దారిలో సిరివెళ్ల దాటేదాకా ఏ మాట ముందు చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. స్కూలు గేటు దగ్గర ఆయమ్మ నిలబడి ఉంది. ఇద్దరం కలిసి లోపలికి పోయినాం.

ఇంటర్వెల్ బెల్లు కొట్టినారు. టీచర్లు వరండాలో ఉన్నారు. కరస్పాండెంటు గది తలుపు తెరిచే ఉంది. లోపల సోఫాలో బామ్మర్ది కాళ్లు చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆయమ్మను చూడగానే కరస్పాండెంటు, "ఏందీ, మల్ల వచ్చినావు?" అన్నాడు.

కాగితాలు టేబుల్ మీద పెట్టినాను. "సార్, ఈమె శనివారం పని చేసి పోయింది. సోమవారం మీ బామ్మర్ది ఫార్మాట్ కొట్టినాడు. చెరిపింది ఆయన. ఈమె కాదు. మొన్నే చెప్పాల్సింది, చెప్పలేదు. నాది తప్పు."

నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా లేచింది. వరండాలో మాటలు ఆగిపోయినాయి. హెడ్‌మాస్టరు మేడం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకో నలుగురు.

కరస్పాండెంటు కాగితాలు ముట్టుకోలేదు. గుమ్మంవైపు చూసినాడు, బామ్మర్ది వైపు చూసినాడు, నవ్వినాడు. "పిల్లోడు, తెలీక చేసినాడప్పా. దానికి నంద్యాల నుంచి కాగితాలు ప్రింట్ తీసుకుని రావాల్నా?"

గడ్డం పెంచిన ముప్పై ఏళ్ల పిల్లోడు సోఫాలోంచి లేచి, "అది ఫార్మాట్ కాదన్నా, క్లీన్ ఇన్‌స్టాల్" అన్నాడు. గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వినారు.

"ఆయన తెలీక చేసినాడు సరే" అంది ఆయమ్మ. "నేను తెలీక కూడా చేయలేదు గదా సార్. మరి నన్ను పోలీసులకు పట్టిస్తామన్నారు."

"సరే, జరిగిందేదో జరిగిపోయింది. రేపట్నుంచి పనికి రా. మేమేమీ మనసులో పెట్టుకోములే."

క్షమాపణ అడగాల్సిన మనిషి క్షమిస్తున్నాడు! అదీ అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నంత దయగా.

"మనసులో పెట్టుకోవాల్సింది నేను సార్. నేను పెట్టుకుంటా" అంది ఆయమ్మ. "పనికి రాను. తొమ్మిదేండ్లు చేసినట్టు సర్టిఫికెట్ ఇయ్యండి. దాంట్లో నా మీద ఏ మచ్చా లేదని రాయండి. ఇప్పుడే."

కరస్పాండెంటు ఇంకేదో అనబోయినాడు. హెడ్‌మాస్టరు మేడం లోపలికి వచ్చి, "ఇయ్యండి సార్" అంది. ఆమె అంత మాట అనడం అదే మొదటిసారేమో, ఆయన నోరు మూతపడింది.

ఆఫీసులో టైపు చేసేవాళ్లు లేరు. ఆయమ్మ జాగాలో ఇంకెవరినీ పెట్టుకోలేదు. చివరికి బామ్మర్దే కూర్చున్నాడు. ఆయమ్మ వెనకాల నిలబడి చెప్తూ ఉంది. మొదటి కాగితంలో ఆయమ్మ ఇంటిపేరే తప్పు కొట్టినాడు. రెండోదాంట్లో చేరిన సంవత్సరం తప్పు. మూడోదాంట్లో స్కూలు పేరే తప్పు, వాళ్ల సొంత స్కూలు పేరు. "నాకేం తొందర లేదు, రొంత నిదానంగా కొట్టు" అంది ఆయమ్మ. నాలుగో కాగితం సరిగ్గా వచ్చింది. కరస్పాండెంటు చదవకుండానే సంతకం పెట్టినాడు. ఆయమ్మ మాత్రం రెండుసార్లు చదువుకుని ఫైలులో పెట్టుకుంది.

బయటికి వచ్చినాక బస్టాండు దాకా ఇద్దరం నడిచినాం. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పలేదని నేనూ ఏమీ అనుకోలేదు. ఆలస్యంగా చేసిన పనికి థాంక్సులకు ఎదురుచూసేంత సిగ్గులేనితనం నాకు అప్పటికి పోయింది.

ఆ ఏడు పదో తరగతి పిల్లల మెమోలు పేర్లు తప్పు లేకుండా వచ్చినాయని హెడ్‌మాస్టరు మేడం చెప్పింది. ఆయమ్మ ఇప్పుడు నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తోంది. చేరిన వారానికే నా దగ్గరికి వచ్చి, కాలేజీ కంప్యూటరుకు వారం వారం ఇంకో కాపీ తీసుకోవడం ఎట్లాగో నేర్చుకుని పోయింది. ఆ స్కూళ్ల పని నాకు రాలేదు. బామ్మర్ది ఆళ్లగడ్డలోనే కంప్యూటరు షాపు పెట్టినాడు. బోర్డు మీద డేటా రికవరీ అని, నూటికి నూరు శాతం గ్యారంటీ అని రాయించినాడంట.

మొన్నామధ్య హెడ్‌మాస్టరు మేడం పెన్ డ్రైవ్ ఒకటి తీసుకుని నా షాపుకు వచ్చింది. మాటల్లో ఇంకో సంగతి చెప్పింది. టీసీ రిజిస్టరు వివరాల కోసం పాత పిల్లల తల్లిదండ్రులు స్కూలుకు వస్తే కరస్పాండెంటు వాళ్లకు ఏం చెప్తున్నాడంటే, డిస్కు మంచిగానే ఉండిందని, నంద్యాలలో ఒక మెకానిక్కు చేతికిస్తే వాడు చెడగొట్టినాడని.

ఆరోజే ఆయమ్మకు ఫోను చేసి చెప్పినాను. "ఇప్పుడు నీ వంతా అన్నా!" అని పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.